సూదంటురాయి నుంచి నీలిపొర దాకా

అయస్కాంతానికి మన తెలుగులో సూదంటురాయి అని చక్కని పేరు ఉంది. సూదిని అంటించుకొనే రాయి అని విగ్రహవాక్యం. సంస్కృతంలోని అయస్కాంత శబ్దం ఇంతకంటె శృంగారభరితం. అయస్సు అంటే ఇనుము. దానికి కాంతమైనది, అంటే ప్రియమైనది. కుమారసంభవం రెండవ సర్గలో బ్రహ్మ దేవతలకు ఉపాయం చెబుతూ, తపోనిశ్చలమైన శివుని మనస్సును ఉమాసౌందర్యంతో, అయస్కాంతం ఇనుమును లాగినట్లుగా లాగమంటాడు. వైశేషిక సూత్రకారుడైన కణాదుడు సూది మణివైపు జరగడాన్ని ప్రస్తావించి, దానికి కారణం అదృష్టమన్నాడు. ఇక్కడ అదృష్టమంటే లాటరీ తగలడం కాదు, కంటికి కనిపించని హేతువు. గమనించారా, కణాదుని దగ్గరా సూదే, మన తెలుగు మాటలోనూ సూదే!

ఆ కనిపించని హేతువు ఎక్కడ ఉంటుంది? ఇనుములోనా, రాతిలోనా, లేక రెండింటికీ నడుమనా? రెండువేల ఏళ్ళ నాటి ఈ ప్రశ్నకు గడచిన నూరేళ్ళలో దొరికిన జవాబు ఈ టపాకు విషయం. ఆ జవాబు ప్రస్తుతం ఎక్కడిదాకా వచ్చిందంటే, లోహపు పరమాణువుల చుట్టూ ఇతర అణువులను అల్లి, ఆ అల్లికను మీగడకంటె ఎన్నో వేల రెట్లు పలుచని పొరగా పరచి, అందులో అయస్కాంతత్వం నిలుస్తుందా, నిలవదా అని పరీక్షించేదాకా.

తెలుగు పండితునికి ఈ భౌతికశాస్త్రపు గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. రెండు కారణాలు చెబుతాను. ఈ కథ నడిచిన దారిలో ఇద్దరు తెలుగువారు ఉన్నారు. ఒకరి పేరు చాలామందికి తెలుసు గాని, ఆయన తొలినాళ్ళలో చేసిన ఈ పని తెలియదు. రెండవవారు మన గోదావరి డెల్టాలో పుట్టినవారు. ఆయన పేరే మెల్లమెల్లగా మరుగున పడుతోంది. ఇక రెండవ కారణం, ఈ విషయం చూడబోతే వ్యాకరణానికి దగ్గరి చుట్టం కావడం.

ఇనుము ఉంటే చాలదు

గోదావరి ఇసుకతిన్నెల మీద ఆడుకొన్న పిల్లలకు ఒక ఆట తెలుసు. అయస్కాంతపు ముక్కకు దారం కట్టి ఇసుకలో ఈడిస్తే నల్లని నలుసులు మీసాల్లాగా అంటుకొని లేస్తాయి. అవి మాగ్నటైటు రేణువులు. దక్కను పీఠభూమిలోని నల్లరాతి నేలలను కోసుకొంటూ వచ్చిన నది వాటిని మనకు తెచ్చి పోసింది. మాగ్నటైటులో ఇనుము ఉంది కనుక అంటుకొంది అని పిల్లలు తేల్చేస్తారు. పెద్దలు కూడా చాలాకాలం అలాగే తేల్చారు.

అది పూర్తి నిజం కాదు. అన్నభేది ఇనుప లవణమే, కాని మేకులాగా ఎగిరివచ్చి అయస్కాంతాన్ని కరుచుకోదు. మన రక్తంలో ఇనుము ఉంది. 1845లో మైకేల్ ఫారడే ఎండిన రక్తాన్ని పరీక్షించి, అది అయస్కాంతానికి లొంగడం లేదని చూశాడు. 1936లో అమెరికాలో లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ మరింత వింతను కనుగొన్నారు. ప్రాణవాయువును పట్టుకొని ఉన్న హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం స్వల్పంగా నెడుతుంది. ప్రాణవాయువును వదిలేసిన హిమోగ్లోబిన్‌ను స్వల్పంగా లాగుతుంది. రెండింటిలోనూ ఉన్నది అదే ఇనుము. పక్కన చేరిన చుట్టం మారితే దాని స్వభావం మారిపోయింది. దీనికి తలకిందుల ఉదాహరణ కూడా ఉంది. 1903లో జర్మనీలో ఫ్రిట్జ్ హాయిస్లర్ రాగి, మాంగనీసు, అల్యూమినియం కలిపి మిశ్రలోహం చేశాడు. మూడింటిలో ఏ ఒక్కటీ విడిగా అయస్కాంతం కాదు. కలిస్తే అయింది.

మన పాఠ్యపుస్తకాలు అయస్కాంత స్వభావాన్ని మూడుగా విడదీస్తాయి. ఎలక్ట్రానులు జతలు జతలుగా ఉండి ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేసుకొంటే ఆ పదార్థం డయా అయస్కాంతం. క్షేత్రాన్ని కొద్దిగా ప్రతిఘటిస్తుంది. జతలేని ఎలక్ట్రాను ఒంటరిగా మిగిలితే అది చిన్న సూదిలాగా పనిచేస్తుంది. అలాంటి సూదులు ఎవరి దారిన వారు తిరుగుతుంటే ఆ పదార్థం పారా అయస్కాంతం. ఆ సూదులన్నీ ఒకరి మాట ఒకరు విని, బయటి బలవంతం లేకుండానే ఒకే వరుసలో నిలిస్తే అది ఫెర్రో అయస్కాంతం. వేడి ఈ వరుసకు శత్రువు. ఇనుమును 770 డిగ్రీలు దాటేదాకా కాలిస్తే దాని పొందిక చెదిరిపోయి సాధారణ పారా అయస్కాంతంగా మిగులుతుంది. ప్రతి అయస్కాంతానికీ ఇలాంటి హద్దు ఒకటి ఉంటుంది. పియరీ క్యూరీ పేరిట దానిని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు.

సమన్వయం అనే మాట

1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ అనే యువకుడు లోహ లవణాల నిర్మాణం మీద ఒక కొత్త సిద్ధాంతం చెప్పాడు. లోహపు పరమాణువు నడుమ కూర్చుంటుంది. దాని చుట్టూ నీరు, అమ్మోనియా, సయనైడు వంటి అణువులో అయానులో నాలుగో ఆరో నియమిత స్థానాలలో చేరి దానిని పట్టుకొంటాయి. చుట్టూ చేరిన వాటికి లైగాండ్లని పేరు. మొత్తం కూర్పుకు తెలుగు పాఠ్యపుస్తకాలలో సమన్వయ సమ్మేళనమని పేరు పెట్టారు. ఈ సిద్ధాంతానికే వెర్నర్‌కు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. మనకు ఎంతో పరిచితమైన మైలుతుత్తం ఇలాంటిదే. అందులో రాగి చుట్టూ నాలుగు నీటి అణువులు చేరి ఉంటాయి. పెనం మీద వేయిస్తే నీరు పోయి తెల్లని పొడి మిగులుతుంది. ఒక చుక్క నీరు వేస్తే నీలం తిరిగివస్తుంది.

సమన్వయం అన్న పేరు పెట్టిన మహానుభావులు ఎవరో గాని, నాబోటివాడికి అది కావ్యపాఠాన్ని గుర్తుకు తెస్తుంది. పద్యానికి పదవిభాగం చేసినంత మాత్రాన అర్థం రాదు, అన్వయం కుదరాలి. పదాలు వాక్యం కావడానికి మన శాస్త్రకారులు మూడు షరతులు పెట్టారు. మొదటిది ఆకాంక్ష, ఒక పదం మరొక పదాన్ని కోరడం. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా చెప్పుకొంటూ పోతే వాక్యం కాదు. రెండవది యోగ్యత, కలిసిన పదాల అర్థాలు ఒకదానికొకటి తగినవై ఉండడం. నిప్పుతో తడుపు అంటే పొసగదు. మూడవది సన్నిధి, పదాలు దగ్గరగా ఉచ్చరింపబడడం. ఒక పదం ఇప్పుడు, ఇంకొకటి ఝాము తరువాత చెబితే వినేవాడికి అర్థం కాదు.

అయస్కాంతత్వానికి కూడా సరిగ్గా ఇవే షరతులు వర్తిస్తాయని నాకు తోచింది. జతలేని ఎలక్ట్రాను ఉండడం ఆకాంక్ష. పొరుగు పరమాణువులోని ఎలక్ట్రాను కక్ష్య ఆకారం దీనితో పొసగడం యోగ్యత. రెండూ చేరువలో ఉండడం సన్నిధి. అయస్కాంతత్వం పదధర్మం కాదు, వాక్యధర్మం. ఇనుము అనేది కేవలం ఒక పదం.

కలరా ఉండల పరిశోధన

1928 సంవత్సరం ఈ చరిత్రలో ముఖ్యమైనది. ఆ సంవత్సరం జర్మనీలో హైజెన్‌బర్గ్, ఇనుములోని ఎలక్ట్రానులు ఒకే వరుసలో ఎందుకు నిలుస్తాయో క్వాంటం సిద్ధాంతంతో వివరించాడు. పొరుగు పరమాణువుల ఎలక్ట్రానులు ఒకదాని చోటు ఒకటి మార్చుకొనే అవకాశం ఉండడం వలన వాటి నడుమ ఒక బలమైన పొత్తు ఏర్పడుతుంది. దీనిని వినిమయ బలమంటారు. ఇచ్చిపుచ్చుకోలు అంటే మన చెవికి ఇంకా ఇంపుగా ఉంటుంది. కణాదుడు అదృష్టమన్న హేతువుకు ఒక పేరూ, ఒక గణితమూ దొరికాయి.

అదే 1928లో కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామన్ తన పేరిట ప్రసిద్ధమైన కాంతి ఫలితాన్ని ప్రకటించారు. ఆ సంవత్సరమే ఆయన దగ్గరకు ఒక తెలుగు యువకుడు పరిశోధనకు చేరాడు. ఆయనే సూరి భగవంతం. కృష్ణా జిల్లాకు చెందినవారు, 1909లో జన్మించారు, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివారు. తరువాతి కాలంలో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులుగా, ఉస్మానియా ఉపాధ్యక్షులుగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ సంచాలకులుగా, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పెద్ద పదవులు నిర్వహించారు. ఈ పదవుల జాబితా చాలామందికి తెలుసు. 1929లో, ఇరవై ఏళ్ళ ప్రాయంలో, లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆయన ప్రచురించిన వ్యాసం సంగతి తెలిసినవారు తక్కువ. దాని విషయం నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత ధర్మాలు.

నాఫ్తలీన్ అంటే మనం పట్టుచీరల పెట్టెలో వేసుకొనే కలరా ఉండలే. అందులో లోహమే లేదు, ఉన్నవి కర్బనమూ ఉదజనీ మాత్రమే. అది డయా అయస్కాంతం, క్షేత్రాన్ని కొద్దిగా నెట్టివేస్తుంది. కాని ఆ నెట్టివేత అన్ని దిక్కులలోనూ సమానం కాదు. స్ఫటికాన్ని ఒక దిక్కున నిలబెడితే ఒక విలువ, ఇంకొక దిక్కున నిలబెడితే వేరొక విలువ. కారణం అణువు ఆకారంలో ఉంది. నాఫ్తలీన్ అణువు రెండు వలయాలు అతికిన బిళ్ళలాగా చదునుగా ఉంటుంది. వలయం వెంట తిరిగే ఎలక్ట్రానులు బిళ్ళకు నిలువుగా వచ్చే క్షేత్రాన్ని ఎక్కువగా ప్రతిఘటిస్తాయి. కనుక స్ఫటికం మొత్తాన్ని అయస్కాంతంతో కొలిస్తే లోపల బిళ్ళలు ఏ వాలులో పేర్చి ఉన్నాయో ఊహించవచ్చు.

ఇక్కడ నిలిచి గమనించవలసింది ఒకటుంది. అయస్కాంతత్వాన్ని లోహానికి కాక అణువుకు చెందిన ధర్మంగా, అణువు ఆకారాన్నీ వరుసనూ చెప్పే సాక్షిగా చూడడం ఇక్కడ జరిగింది. దిక్కునుబట్టి మారే ఈ గుణాన్ని దిశాభేదం అందాం. ఈ మాట గుర్తుంచుకొండి, ముందుముందు దీనితో పని ఉంది. అదే బృందానికి చెందిన కె.ఎస్.కృష్ణన్ ఢాకాలోనూ, తరువాత కలకత్తాలోనూ ఈ దిశాభేదపు కొలతలను ఎంతో ముందుకు తీసుకొనిపోయారు. లోహ లవణాల స్ఫటికాలకు కూడా విస్తరించారు.

భగవంతం 1932లో వాల్తేరు చేరారు. అక్కడ గణితజ్ఞుడు టి.వేంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్రానికి అన్వయిస్తూ రచించిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. స్ఫటికాల సౌష్ఠవాన్ని 32 వర్గాలుగా విభజిస్తారు. లోపల అయస్కాంత సూదులు ఉంటే ఆ సూది తిరగబడడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు వర్గాలు 122 అవుతాయి. ఈ వర్గాలలో ఏ ధర్మం సాధ్యం, ఏది అసాధ్యం అన్న విచారణను భగవంతం 1964లో పి.వి.పంతులుతో కలిసి చేశారు. ముప్పై అయిదేళ్ళ తరువాత, ఎన్నో పదవుల నడుమ, మళ్ళీ అయస్కాంత స్ఫటికాల దగ్గరికే వచ్చారన్నమాట.

అన్నభేది నుంచి పుట్టిన నీలం

ఇక సమన్వయ సమ్మేళనాలలో అయస్కాంతత్వం ఎలా బయటపడిందో చూద్దాం. ఈ కథానాయకుడు ఒక రంగు. దాని పేరు ప్రష్యన్ నీలం. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో లవణ విశ్లేషణ చేసినవారికి ఇది పాత స్నేహితుడే. ఫెర్రిక్ లవణపు ద్రావణంలో పొటాషియం ఫెర్రోసయనైడు చుక్కలు వేస్తే పుట్టుకొచ్చే ముదురు నీలం అదే.

దాని జననం యాదృచ్ఛికం. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో డీస్‌బాఖ్ అనే రంగుల తయారీదారు ఎర్రరంగు కోసం పటిక, అన్నభేది, క్షారం కలిపాడు. ఆ క్షారం జంతురక్తంతో చేసిన తైలం తగిలి కల్తీ అయి ఉంది. ఎరుపు రాలేదు, నీలం వచ్చింది. మన నీలిమందు మొక్క నుంచి వచ్చే నీలంలో లోహం లేదు. ఈ బెర్లిన్ నీలం ఇనుమూ సయనైడూ అల్లుకొన్న సమన్వయ సమ్మేళనం. వెర్నర్ పుట్టడానికి నూట అరవై ఏళ్ళ ముందే తయారయింది. 1724 దాకా దాని తయారీ రహస్యంగానే ఉంది.

1842లో జాన్ హెర్షెల్ ఈ నీలాన్ని కాగితం మీద సూర్యకాంతితో పుట్టించే ఉపాయం కనుగొన్నాడు. రెండు ఇనుప లవణాల ద్రావణం పూసిన కాగితం మీద ఎండ పడినచోట నీలం ఏర్పడుతుంది, నీడ పడినచోట కడిగితే తెల్లగా మిగులుతుంది. ఇంజనీర్ల బ్లూప్రింటు ఇదే. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యేనాటికి, అంటే 1847కు, ఈ కాగితం పుట్టి అయిదేళ్ళే అయింది. కట్టడాల పటాలకు అది విరివిగా వాడుకలోకి వచ్చింది 1870ల తరువాతనే. అప్పటి నుంచి ఎన్నో దశాబ్దాలు ప్రపంచమంతటా వంతెనలూ కాలువలూ యంత్రాలూ ఈ నీలిపూత మీద తెల్లగీతలుగా మొదట పుట్టాయి. ఆ కాగితాలను చుట్టలు చుట్టి చంకన పెట్టుకొని తిరిగినవారు ఎవరూ, తాము మోస్తున్నది నిద్రాణమైన అయస్కాంతమని ఊహించి ఉండరు.

1936లో కెగిన్, మైల్స్ దీని నిర్మాణాన్ని ఎక్స్ కిరణాలతో నిర్ణయించారు. ఒక ఇనుము, ఒక సయనైడు, మళ్ళీ ఒక ఇనుము. ఇలా మూడు దిక్కులా సాగే పందిరి. ఇందులోని ఇనుములు రెండు రకాలు. ఒకదానిలో అయిదు ఒంటరి ఎలక్ట్రానులు ఉంటాయి; రెండవదానిలో అన్నీ జతపడి ఉంటాయి. ఆకాంక్ష ఉన్న ఇనుములు పందిరి కమ్మీ వెంట ఒకదానికొకటి సుమారు ఒక నానోమీటరు దూరంలో ఉంటాయి. మామూలు ఇనుములో ఆ దూరం అందులో నాలుగవ వంతే. పైగా నడుమ మౌనంగా కూర్చున్న మరొక ఇనుము ఉంది. సన్నిధి లేదు కనుక అన్వయం కుదరదనే ఎవరైనా అనుకొంటారు. కాని 1960ల చివర చేసిన కొలతలలో, దానిని సున్నాకు దిగువన సుమారు 267 డిగ్రీలకు చల్లబరిస్తే సూదులన్నీ ఒక వరుసలోకి వస్తాయని తేలింది. సయనైడు వారధి మీదుగా, మౌనంగా ఉన్న ఇనుమును దాటి, మాట అవతలికి చేరుతున్నది! సన్నిధి అంటే కేవలం దూరం కాదని, నడుమ మాట మోసేవాడు ఉన్నాడా అన్నదే అసలు ప్రశ్న అని తెలిసింది.

రోహిణి కార్తె హద్దు

మైనస్ 267 డిగ్రీల అయస్కాంతం లోకానికి ఏ పనికీ రాదు. కాని పందిరి ఆకారం తెలిసిన తరువాత అందులోని లోహాలను మార్చి చూడవచ్చు గదా! పారిస్‌లో మిషెల్ వెర్‌దాగ్వెర్ బృందం ఇక్కడే యోగ్యతను పట్టించుకొన్నది. రెండు లోహాల ఎలక్ట్రాను కక్ష్యల ఆకారాలు సయనైడు ద్వారా ఒకదానితో ఒకటి గట్టిగా కలిసేటట్లు లోహాలను ఎంచుకొంటే, వాటి సూదులు ఎదురెదురు దిక్కులకు తిరిగి బలంగా బిగుసుకొంటాయి. రెండింటి బలాలూ సమానం కాకపోతే రద్దు కాగా కొంత అయస్కాంతత్వం మిగులుతుంది. మన గోదావరి ఇసుకలోని మాగ్నటైటు పనిచేసే తీరు కూడా ఇదే. ఇలా ఆలోచించి వారు వనాడియం, క్రోమియంలతో ప్రష్యన్ నీలపు చుట్టాన్ని తయారుచేసి 1995లో ప్రకటించారు. అది 42 డిగ్రీల సెల్సియస్ దాకా అయస్కాంతం.

గది ఉష్ణోగ్రతకు మించిన అయస్కాంతమని ఐరోపాలో దానిని మెచ్చుకొన్నారు. అది ఐరోపా గది! మన రాజమహేంద్రవరంలో మే నెల మధ్యాహ్నం 42 దాటడం వింత కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత ఉండనే ఉంది. పుష్కరాలరేవు మెట్ల మీద ఆ పొడిని ఎండలో పెడితే అయస్కాంతత్వం మాయమై, సాయంకాలం గాలి తిరిగాక మళ్ళీ వస్తుందన్నమాట. అయితే ఈ హద్దు కూడా త్వరలోనే చెరిగింది. 1999లో అమెరికాలో హోమ్స్, జిరోలామి అదే కుటుంబంలో నూరు డిగ్రీలు దాటినా నిలిచే దానిని తయారుచేశారు. దీనికంటె ముందు, 1991లో, మిల్లర్, ఎప్‌స్టైన్ బృందాలు వనాడియానికి ఒక కర్బన అణువును జోడించి గది ఉష్ణోగ్రతలో నిలిచే అయస్కాంతాన్ని చేశాయి. దాని శత్రువు వేడి కాదు, గాలి. గాలి తగిలితే పాడైపోతుంది.

మీగడ వంటి పొర

ఇంతవరకు చెప్పినవి పొడులు. పొడిని పొరగా మార్చడం వేరొక విద్య, దాని చరిత్ర వేరు. 1774లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ చెంత ఒక చెరువులో చెంచాడు నూనె పోస్తే అది అర ఎకరం దాకా పరచుకొన్నదని వ్రాశాడు. లెక్క కడితే ఆ పొర మందం ఒక అణువు నిడివి. 1891లో జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అనే గృహిణి వంటింటి తొట్టిలో ఇలాంటి పొరలను కొలిచి వ్రాసిన లేఖ నేచర్ పత్రికలో అచ్చయింది. 1930లలో అమెరికాలో కాథరిన్ బ్లాడ్జెట్, నీటి మీది పొరను గాజుపలక మీదికి ఎత్తి, పొర మీద పొర పేర్చే పద్ధతిని సిద్ధం చేసింది.

ఈ పద్ధతి అయస్కాంతవేత్తలకు ఎందుకు కావలసివచ్చింది? 1966లో మెర్మిన్, వాగ్నర్ ఒక సిద్ధాంతం నిరూపించారు. సూదులన్నీ ఒకే తలంలో పరచి, అవి ఏ దిక్కుకైనా ఒకే సులువుతో తిరగగలిగితే, పొరుగువారితో మాత్రమే వాటికి పొత్తు ఉంటే, పరమశూన్యానికి పైన ఎంత చల్లబరిచినా అవి శాశ్వతమైన వరుసలో నిలవవు. పొరుగువారు తగ్గినకొద్దీ చిన్న కలత కూడా వరుసను చెదరగొడుతుంది. వరుస నిలవాలంటే ఏదో ఒక దిక్కు పట్ల మొగ్గు ఉండాలి. అంటే దిశాభేదం కావాలి! 1929లో కలరా ఉండల్లో భగవంతం కొలిచింది డయా అయస్కాంతపు దిశాభేదం, ఇక్కడ కావలసింది ఒంటరి ఎలక్ట్రానుల దిశాభేదం. రెండూ ఒకటి కావు. కాని అయస్కాంత గుణం దిక్కునుబట్టి మారుతుందా అన్న ప్రశ్న ఒక్కటే. పలుచని పొరలో దాని జవాబు మీదనే అయస్కాంతత్వం బతుకు ఆధారపడింది.

1978లో మెల్విన్ పొమెరాంట్జ్ బృందం మాంగనీసు స్టియరేటుతో బ్లాడ్జెట్ పద్ధతిలో పొరలు తీసింది. స్టియరిక్ ఆమ్లం కొవ్వులలో ఉండేదే. కనుక అది ఒకరకంగా మాంగనీసు సబ్బు. ఒకే పరమాణువు మందాన పరచిన మాంగనీసు పొరలో అయస్కాంతపు వరుసను వెదికారు. అదే ఏడాది నెఫ్ ప్రష్యన్ నీలాన్ని విద్యుత్తుతో లోహపుపలక మీద పలుచని పొరగా పూయడం చూపాడు. 1996లో టోక్యోలో సాటో, హాషిమోటో బృందం ఈ రెండు దారులకూ కొత్త ప్రాణం పోసింది. క్రోమియం సయనైడు పొర ఒకటి సున్నాకు కొద్దిగా దిగువ ఉష్ణోగ్రత దాకా అయస్కాంతంగా నిలిచింది. విద్యుత్తుతో దాని అయస్కాంత స్వభావాన్ని మార్చి, మళ్ళీ వెనక్కు తేగలిగారు. అదే ఏడాది వారు కోబాల్టు, ఇనుము కలిసిన సయనైడు మీద మహాశీతలంలో ఎర్రని కాంతి ప్రసరింపజేస్తే దాని అయస్కాంతత్వం పెరిగింది. నీలికాంతి వేస్తే తగ్గింది. మామూలు ఇనుము కాంతిని లోపలికి రానివ్వదు. ఈ పందిళ్ళు రానిస్తాయి. రంగుగా మూడువందల ఏళ్ళ కిందట పుట్టిన జాతికి రంగే తాళంచెవి అయింది.

శూన్యాన్ని సాధించిన స్వామి

నీటి తొట్టి, విద్యుత్తు కాక మూడవ మార్గం ఒకటి ఉంది. అణువులను వేడిచేసి ఆవిరిగా పంపి చల్లని పలక మీద వాలేటట్లు చేయడం. దీనికి శూన్యం కావాలి. మామూలు గాలిలో ఒక అణువు సెంటీమీటరులో లక్షవ వంతు కూడా కదలకముందే ఇంకొకదానిని ఢీకొంటుంది. గాలి పీడనాన్ని వందకోట్ల వంతుకు తగ్గిస్తే యాభై మీటర్లు నిరాటంకంగా పోగలదు. అంత శూన్యంలో కూడా మిగిలిన గాలి అణువులు శుభ్రమైన పలక మీద సుమారు ఒక్క సెకనులో ఒక పొర కప్పేస్తాయి. కనుక శూన్యాన్ని చేయడం, కొలవడం, నిలపడం ఒక ప్రత్యేక శాస్త్రమైంది.

ఆ శాస్త్రం మీద 1947లో న్యూయార్క్‌లో ఒక గ్రంథం వెలువడింది. ఉన్నత శూన్యాల సూత్రాలు, ఉత్పత్తి, కొలత దాని విషయం. రచయిత స్వామి జ్ఞానానంద. పూర్వాశ్రమంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టారు. యౌవనంలో ఇల్లు విడిచి హిమాలయాలకు పోయి యోగసాధన చేసినవారు. 1920ల చివర జర్మనీ చేరి, సన్యాసిగా ఉంటూనే భౌతికశాస్త్రం అభ్యసించారు. ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల వర్ణపటాల మీద, ఆ తరువాత లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పరిశోధించారు. స్వదేశం వచ్చి 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరమాణుకేంద్ర భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేశారు. 1969లో పరమపదించారు.

ఆయన అయస్కాంతపు పొరలు చేశారని నేను చెప్పడం లేదు. ఆయన రంగం వేరు. భగవంతం 1948లోనే వాల్తేరు విడిచారు కనుక ఇద్దరూ అక్కడ ఒకే కాలంలో పనిచేయలేదు కూడా. కాని నేటి ప్రయోగశాలలో సమన్వయ సమ్మేళనాన్ని శూన్యంలో ఆవిరిచేసి పొరగా దింపి దాని అయస్కాంతత్వాన్ని కొలిచే విద్యార్థి, తెలిసో తెలియకో రెండు పాత విద్యలను కలుపుతున్నాడు. అణువు అయస్కాంతత్వాన్ని దిక్కులవారీగా కొలవడం ఒకటి, శూన్యాన్ని లొంగదీసుకోవడం రెండవది. ఆ రెండింటిలోనూ తొలితరంలో శ్రమించినవారిలో మనవారు ఒక్కొక్కరు ఉన్నారు. అంతా మనవాళ్ళే కనిపెట్టారన్న డంబాచారం ఎంత అసత్యమో, మనకు ఇందులో ఏ భాగమూ లేదన్న నిరాశ కూడా అంతే అసత్యం.

పలక మీద అణువు

ఈ కథలో ప్రస్తుతం నడుస్తున్న అధ్యాయం మరీ సూక్ష్మమైనది. 1980లో పోలండులో లిస్ తయారుచేసిన పన్నెండు మాంగనీసుల సమ్మేళనంలో ప్రతి అణువూ విడిగా ఒక చిన్న అయస్కాంతమని, పెట్టిన దిక్కును మహాశీతలంలో గుర్తుంచుకొంటుందని 1993లో ఫ్లారెన్స్ నగరపు శాస్త్రజ్ఞులు, వారి సహచరులు చూపారు. వాక్యం ఒకే పదంలో ఇమిడినట్లయింది, మన సమాసంలాగా. అటువంటి అణువులను పొరగా పేరిస్తే ఒక్కొక్క అణువులో ఒక్కొక్క అక్షరం దాచవచ్చునని ఆశపడ్డారు. కాని ఆ మాంగనీసు అణువు పలక తగలగానే చెదిరి జ్ఞాపకం పోగొట్టుకొంటున్నదని తెలిసింది. 2009లో అదే ఫ్లారెన్స్ బృందం నాలుగు ఇనుములున్న మరొక అణువును బంగారు పలక మీద ఒకే వరుసగా నిలిపి, జ్ఞాపకం చెదరలేదని నిరూపించింది. 2018లో డిస్ప్రోసియం అణువు ఒకటి ద్రవ నత్రజని చలిలో కూడా జ్ఞాపకం నిలుపుకొన్నది. ఇవి ఇంకా ప్రయోగశాల దాటి మన ఇంటి సామానులోకి రాలేదు. వస్తాయో రావో జోస్యం చెప్పడం నా పని కాదు.

నాకు ముఖ్యమనిపించినది వేరు. పొర పలుచబడేకొద్దీ, చుట్టాలు తగ్గేకొద్దీ, ఏది నిలుస్తుంది, దేని బలం మీద నిలుస్తుంది అన్న ప్రశ్న అందులో ఉంది. నిలవడానికి ఇనుము ఉండడం చాలలేదు. నడుమ మాట మోసే వారధి కావాలి, పొసగే పొరుగు కావాలి, ఒక దిక్కు పట్ల మొగ్గు కావాలి. కణాదుని అదృష్టం క్రమంగా దృష్టమైంది. అయితే అది రాతిలోనూ ఇనుములోనూ కాక, వాటి నడుమ పొత్తులో కనిపించింది.

ఈ టపాలో వినిమయ బలానికి ఇచ్చిపుచ్చుకోలు అనీ, దిక్కునుబట్టి మారే గుణానికి దిశాభేదమనీ వాడాను. ఇంతకంటె మేలైన మాటలు మిత్రులకు తోస్తే వ్యాఖ్యలలో తెలియజేయగలరు. పూర్వం సూదినీ రాతినీ చూసి సూదంటురాయి అని పేరు పెట్టుకొన్న భాష మనది. ఈ నీలిపొరకు కూడా ఒక పేరు పెట్టుకోలేకపోదు.

స్వస్తి.